పది ఇత్తడి రింగులు

“రెండు కాగితాల మీదా సంతకం నీదేనా అత్తా?”

అన్నయ్య ఆ మాట అడగడం అది నాలుగోసారి. మూసి ఉన్న తలుపు నాలుగోసారి కూడా నోరు విప్పలేదు.

భోజనాల బల్ల మీద రెండు ప్రాక్సీ కాగితాలు పక్కపక్కన పడి ఉన్నాయి. అత్త పదిహేను షేర్ల ఓటు ఆవిడ బదులు మేనల్లుడు వేస్తాడని ఒకటి చెబుతోంది. మేనకోడలు వేస్తుందని రెండోది చెబుతోంది. రెంటి అడుగునా అదే సంతకం, చివర అదే చిన్న తోక. తేదీ మాత్రం దేని మీదా లేదు.

ప్లీడరుగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నారు.

“ఏది ముందో ఏది వెనకో తేలకపోతే రెండూ చెల్లవండీ. సమావేశం పదకొండింటికి. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఆవిడ స్వయంగా వచ్చి వెయ్యాలి. రాకపోతే ఆ పదిహేనూ లేనట్టే.”

“నాది పోయిన నెలలో పెట్టింది,” అన్నాడు అన్నయ్య.

“నాది మొన్న ఆదివారం పెట్టింది,” అంది చిట్టి.

“అంటే నేను ఊళ్ళో లేని రోజు చూసి వచ్చావన్నమాట.”

“నీ ఇంటికి రావడానికి నువ్వుండాలా? మా అత్త ఉంటే చాలదూ?”

“అత్తని చూడ్డానికి వచ్చినదానివి, సంచిలో ప్రాక్సీ ఫారం ఎందుకు పెట్టుకొచ్చావు?”

“నువ్వు పోయిన నెల అన్నం తినే మనిషి ముందు పెన్నెందుకు పెట్టావో, నేనూ అందుకే.”

ప్లీడరుగారు కాగితాల్లో తలదూర్చారు. ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ళ మధ్య మాట దొర్లినప్పుడల్లా ఆయనకి చదవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

చిట్టికి నలభై రెండేళ్ళు. బజార్లో ఆమెని ‘ఇటుకలమ్మగారు’ అంటారు, బట్టీ దగ్గర ముప్పైమంది ఆమె మాట మీద పని చేస్తారు. ఈ గడప లోపల మాత్రం ఇప్పటికీ చిట్టే.

నాన్న వదిలి వెళ్ళిన టార్పాలిన్ ఫ్యాక్టరీకి మొత్తం నూరు షేర్లు. అన్నయ్యవి నలభై ఐదు. చిట్టివి ముప్పై. అత్తవి పదిహేను. మిగిలిన పదీ కటింగ్ మేస్త్రీవి. ముప్పయ్యేళ్ళ చాకిరీకి నాన్న చేత్తో ఇచ్చినవి. ఇవి బజార్లో అమ్ముడయ్యే షేర్లు కావు. కొంటానని వచ్చినవాడూ లేడు.

ఈ రోజు తీర్మానం ఒక్కటే. హాల్లో ఉన్న పదహారు మిషన్లలో ఎనిమిది తీసేసి, ఆ చోట ఎండకి నీడ పట్టే షేడ్‌నెట్లు నేసే మిషన్లు పెట్టాలి. ప్రతిపాదన అన్నయ్యది. నోటీసు మీద సంతకం ఆయనదే.

“చిట్టీ, నీకు లెక్క చూపించాం కదమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి. “సగం హాలు నెట్లకిస్తే షేరు విలువ ఒకటికి ఒకటిన్నర అవుతుంది.”

“అయితే ఎవరికి అమ్ముకోను? కొనేవాడేడి?”

“అమ్మమని ఎవరన్నారు? విలువ పెరగడం...”

“గొడుగు ధర పెరిగిందని వానలో గొడుగు అమ్ముకుంటామా అన్నయ్యా?”



ఆ మాట వెనక ఏముందో ఆ గదిలో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట కాలం కాని కాలంలో వాన పడి, ఆరబెట్టిన పచ్చి ఇటుకలన్నీ మూడు రోజుల్లో బురదైపోయాయి. ఆ వానకే టార్పాలిన్లు ఎగబడి కొన్నారు జనం. ఫ్యాక్టరీ పంచిన లాభంతోనే చిట్టి బట్టీ మళ్ళీ రాజుకుంది. అంతకు ముందు ఆమె బీమా కోసం తిరగని ఆఫీసు లేదు. చివరికి ఒకాయన బట్టీకి వచ్చి, పచ్చి ఇటుకని వేలితో నొక్కి చూశాడు. వేలు లోపలికి దిగబడింది. నవ్వి, వేలు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

వాన ఆమెని ముంచితే ఆ వానే ఈ ఫ్యాక్టరీని తేలుస్తుంది. లోకంలో చిట్టికి ఉన్న గొడుగు ఈ ముప్పై షేర్లే. సగం హాలు ఎండకి అమ్ముడుపోయే నెట్లకిచ్చేస్తే గొడుగు సగానికి చిరిగినట్టే. ఇంకో తడి ఏడాది వస్తే బట్టీ లేవదు.

ఆమె లేచి బాల్కనీలోకి వెళ్ళింది. వదిన అక్కడ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. పైన కొత్తగా కట్టిన ఆకుపచ్చ నెట్టు. ఎండ దానిలోంచి జల్లెడ పట్టినట్టు పడుతోంది.

“తీసుకో చిట్టీ. గొంతు ఆరిపోయుంటుంది పోట్లాడి పోట్లాడి.”

“నెట్టు బాగుంది వదినా. ఎక్కడిది?”

“మా తమ్ముడు ఫ్యాక్టరీ పెట్టాడు కదూ, అక్కడిది. మొదటి చుట్ట మనకే పంపాడు. మీ అన్నయ్య కూడా అందులో...”

“కాఫీ నాకు లేదా?” లోపల్నుంచి అన్నయ్య కేకేశాడు, ఆ మాటకి కాపలా ఉన్నవాడిలా.

వదిన లోపలికి వెళ్ళిపోయింది. వేసవిలో ఇంటికి నీడ కావాలనుకోవడం తప్పేం కాదు. చిట్టి కాఫీ తాగి ఆ సంగతి మరిచిపోయింది.

గదిలోకి వచ్చేసరికి అత్త తలుపు తీసుకుని నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, చేతిలో సంచి, కాళ్ళకి చెప్పులు. ఈ గొడవంతా విని, తీరిగ్గా తయారై వచ్చిన మనిషి.

“కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం,” అంది అత్త. “ఇందులో కప్పెవరో పామెవరో మీ ఇద్దరూ తేల్చుకోండి. నేను మాత్రం ఎవరు పెన్నిస్తే వాళ్ళకి సంతకం పెట్టాను. ఎదురుగా కూర్చుని అడుగుతుంటే కాదని ఎలా అనమంటారర్రా?”

“అనాలి అత్తా,” అంది చిట్టి. “అందుకే నోరుంది.”

“నీకుంది కదే ఇద్దరికి సరిపడా. నాకెందుకూ?”

ప్లీడరుగారు దగ్గు వెనక నవ్వు దాచుకున్నారు.

“నా పదిహేనూ నేనే వస్తాను, నేనే వేస్తాను. దాపరికం లేదు. కాదనే వేస్తాను.” అత్త మేనల్లుడి వైపు చూడకుండా గోడ గడియారానికి చెప్పింది. “వాన పడితే నా కూల్‌డ్రింకుల కొట్లో ఈగ కూడా వాలదు. ఆ నెలలు నేను బతికేది ఈ టార్పాలిన్ల మీదే. నీ ఇంట్లో ఉంటూ నీకు అడ్డం పడుతున్నానని నువ్వేమైనా అనుకో.”

చిట్టి అన్నయ్య వైపు తిరిగింది. ఇప్పుడు పేలుతుంది అనుకుంది.

పేలలేదు. అన్నయ్య తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“పోనీలే అత్తా. నీ ఇష్టం. ఓడిపోతే ఓడిపోతాను, ఏముంది?”

ఆర్నెల్లుగా ఆ నెట్ల గురించి నిద్రలో కూడా కలవరించిన మనిషి. పోనీలే అంటున్నాడు. అన్నయ్య పెద్దవాడవుతున్నాడు అనుకుంది చిట్టి, కాస్త ప్రేమగానే.

*

హాల్లో మిషన్లు ఆపేశారు. మైనం వాసన, వేడెక్కిన కాన్వాసు వాసన కలిసి ఉన్నాయి. పదహారుమంది టైలర్లు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఓటు లేనివాళ్ళు, కానీ ఓటు వల్ల ఏమైనా అయ్యేది ముందు వాళ్ళకే.

నడి హాల్లో బారెడు కటింగ్ బల్ల. దాని మీద రంగు వెలిసిన తగరపు డబ్బా.

టార్పాలిన్ అంచున తాడు దూర్చడానికి రింగులు కొడతారు. ఖరీదు సరుక్కి ఇత్తడివి, చౌక సరుక్కి తెల్ల అల్యూమినియంవి. ఓటు వేసేది వాటితోనే. అవునంటే ఇత్తడి, కాదంటే తెల్లది, షేరుకో రింగు. చెయ్యెత్తితే మొహమాటం, కాగితం మీద రాస్తే చేతిరాత, రింగుకి మొహం ఉండదురా అనేవారు నాన్న. ఒక్కొక్కరు రెండు రంగులూ తమ షేర్లన్ని పట్టుకుని తెర వెనక్కి వెళ్ళాలి. వేయదలిచినవి డబ్బాలో, మిగిలినవి పక్కనున్న గోనెసంచిలో.

“ఇంకో నియమం కూడా గుర్తు చెయ్యాలి,” అన్నారు ప్లీడరుగారు పాత పుస్తకం తిప్పుతూ. “లెక్క చెప్పాక, డబ్బా మూత పెట్టేలోగా వాటాదారు ఎవరికి అనుమానం వచ్చినా, ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్ళీ వెయ్యొచ్చు. మాట్లాడేవాళ్ళు ఇప్పుడే మాట్లాడండి.”

చిట్టి మాట్లాడాల్సిందేమీ లేదనుకుంది. తన ముప్పై, అత్త పదిహేను. మేస్త్రీ పది ఎలాగూ కలుస్తాయి. టార్పాలిన్ కోసం పుట్టినట్టుండే మనిషి, సగం హాలు ఖాళీ చేయించుకుంటాడా? మొత్తం యాభై ఐదు. అన్నయ్యకి తన నలభై ఐదే మిగులుతాయి.

మేస్త్రీ లేచాడు. సన్నగా, కొద్దిగా ముందుకి వంగి, ఎప్పుడూ ఏదో కొలుస్తున్నట్టు ఉంటాడు.

“బాబూ, నేను మీకే వేస్తున్నాను. నెట్లు రావాలి.”

అన్నయ్య చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ఏంటి మేస్త్రీ?” అంది చిట్టి. “మీరా?”

“కోపం తెచ్చుకోకండమ్మా. మీకు వానకి పోయింది ఇక్కడ తిరిగొస్తుంది. అత్తగారికీ అంతే. నా సంగతి చూడండి. నా కూలీ ఈ హాల్లోనే, నా పది షేర్లూ ఈ హాల్లోనే. వాన బాగుంటే రెండు చేతులా తింటాను. వాన మొహం చాటేస్తే రెండు చేతులూ ఒకేసారి ఖాళీ. నాకు ఎండకి పోయింది ఎక్కడ తిరిగొస్తుందమ్మా?”

గుమ్మం దగ్గర ఎవరో “అదీ” అన్నారు.

“పోయిన ఎండల్లో ఈ పదహారుమందీ మూడు నెలలు ఇంట్లో కూర్చున్నారు. సగం మిషన్లు నెట్లవైతే కనీసం సగంమందికి పని ఉంటుంది. నేను వీళ్ళకి మాటిచ్చాను.”

 అడుసు తొక్కి బతికే మనిషికి కాలికి అంటింది అడుసేనని ఒకరు చెప్పనక్కర్లేదు. మేస్త్రీ చెప్పింది నిజం. ఒకే ఫ్యాక్టరీ, ఒకే వాన. ఆమెకి అది ఆసరా, ఆయనకి అదే ఉరి. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరికీ ఒకే తీర్మానం సరిపోదు.

లెక్క తిరగబడిందని కూడా ఆమెకి తెలిసింది. అన్నయ్యవి నలభై ఐదు, మేస్త్రీవి పది. ఓడిపోయింది.

అయినా తన ముప్పై రింగులూ తెల్లవే వేస్తుంది. గొడుగు చిరుగుతుంటే చేతులు కట్టుకుని చూడలేదు కదా.

అన్నయ్య వైపు చూసింది. గెలిచిన మొహం కాదది. చెమట పట్టి ఉంది.

“ఫ్యాను పెట్టించండి,” అన్నాడాయన.

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

*

మొదట అన్నయ్య వెళ్ళాడు. తెర వెనక నుంచి రింగుల గలగల వినిపించింది, ఆగింది, మళ్ళీ వినిపించింది. తరవాత చిట్టి. తరవాత అత్త. మేస్త్రీ ఆఖరున వెళ్ళాడు. లోపల ఆయన ఎక్కువసేపే ఉన్నాడు గానీ చప్పుడేమీ రాలేదు.

ప్లీడరుగారు డబ్బా బల్ల మీద బోర్లించారు. రెండు రంగులు రెండు కుప్పలు చేశారు. ఐదేసి లాగుతూ లెక్కపెట్టారు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి లెక్కపెట్టారు.

“ఇత్తడి నలభై ఐదు. తెల్లవి యాభై ఐదు. తీర్మానం వీగిపోయింది.”



నలభై ఐదు. అన్నయ్య షేర్లెన్నో సరిగ్గా అన్నే. ఆ లెక్క చెయ్యడానికి చదువు అక్కర్లేదు. గుమ్మంలో ఉన్న పదహారు జతల కళ్ళూ మేస్త్రీ మీదికి తిరిగాయి.

“మాటిచ్చానన్నావు కదా మేస్త్రీ,” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, నెమ్మదిగా. అరిచినా బాగుండేది.

“నేను వేశాను రా,” అన్నాడు మేస్త్రీ. “ఇత్తడే వేశాను.”

“పర్లేదు మేస్త్రీ,” అన్నాడు అన్నయ్య. ఆయన గొంతులో జాలి ఉంది. “ఓటు నీది. నీ ఇష్టం. ఎవరూ ఏమీ అనుకోరు.”

 ముప్పయ్యేళ్ళలో మేస్త్రీ కొలత అంగుళం తప్పిందన్నవాళ్ళు లేరు.

అన్నయ్య వచ్చి చిట్టి భుజం మీద చెయ్యి వేశాడు. “గెలిచావుగా. ఇంటికెళ్ళి నీ ఇటుకలు చూసుకో.”

గెలిచింది. బట్టీ నిలిచింది. లేచి వెళ్ళిపోవడమే తరువాయి. ప్లీడరుగారు అప్పటికే డబ్బా మూత కోసం చుట్టూ వెతుకుతున్నారు.

చిట్టి ఇత్తడి కుప్పకేసి చూసింది. అందులో కొన్ని విడిగా లేవు. పురికొసకి గుచ్చి, చివర ముడేసి ఉన్నాయి. అటువైపు గోడ మీద మేకులకి అలాంటి దండలే వేలాడుతున్నాయి. పదేసి రింగులు, పురికొస, రెండు మెలికల ముడి. రింగులు చెదిరిపోకుండా, లెక్క తప్పకుండా మేస్త్రీ ఈ హాల్లో పెట్టిన పద్ధతి. పురికొస ముక్క ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. పది రింగులు చేతికిస్తే ఆయన వేళ్ళు గుచ్చకుండా ఉండలేవు. తెర వెనకైనా సరే.

హాల్లో పని చూసి ఏళ్ళయిన అన్నయ్యకి ఆ సంగతి తెలియదు.

మేస్త్రీ పది ఇత్తడీ ఇక్కడే ఉన్నాయి. అయితే మిగిలిన ఇత్తడి ముప్పై ఐదే.

ఆమె నోరు మూసుకుంటే చాలు. మేస్త్రీ అబద్ధాలకోరు అవుతాడు, ఆమె బట్టీ నిలుస్తుంది. అన్నయ్య చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. బరువుగా, ఆప్యాయంగా.

“మూత పెట్టకండి ప్లీడరుగారూ.”

చిట్టి చెయ్యి చాచి ఆ దండని కుప్పలోంచి పైకి లాగింది. పది ఇత్తడి రింగులు బల్ల మీద వరసగా ఊగాయి.

“ఈ ముడి ఎవరిది?”

 “మేస్త్రీది,” అన్నారు గుమ్మంలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

“మేస్త్రీ పది ఇక్కడున్నాయి. నీ పది ఎక్కడ అన్నయ్యా?”

అన్నయ్య చెయ్యి ఆమె భుజం మీంచి జారింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయన తన జేబు తడుముకున్నాడు. మడత పెట్టిన ప్రాక్సీ కాగితం తప్ప అక్కడ ఏమీ లేదు.

“ఇంట్లో మాట్లాడుకుందాం చిట్టీ.”

“ఇంట్లో నెట్టు కింద నిలబడా?” ఆమెకి పొద్దుటి కాఫీ, వదిన మింగేసిన మాట ఒక్కసారి గుర్తొచ్చాయి. “ఆ నెట్ల ఫ్యాక్టరీలో నీ వాటా ఎంత?”



“సగం,” అన్నాడు. “మూడు వారాలైంది.”



“తప్పేం చేశాను?” అన్నయ్య గొంతు పెరగలేదు. నిజంగానే అడుగుతున్నాడు. “ఈ నోటీసు పంపినప్పుడు నాకూ మీలాగే ఈ ఒక్క ఫ్యాక్టరీయే దిక్కు. ఎండకి ఎండుతానని భయం. తరవాత బావమరిది చెయ్యందించాడు. వానకి ఇదుంది, ఎండకి అదుంది. ఇప్పుడిక్కడా నెట్లే నేస్తే, నా ఒక చెయ్యి రెండో చేతితో పోటీ పడాలి. నోటీసు వెనక్కి తీసుకుంటే ఎందుకని అడుగుతారు. తీర్మానం ఎలాగూ ఓడిపోతుందనుకున్నాను. మేస్త్రీ నా వైపు లేచేసరికి పది తెల్లవి వేశాను. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు చిట్టీ? నన్ను నేను కాపాడుకోవద్దా?”

“కాపాడుకో. ఆ అదృష్టం మాకు దొరకలేదు, నీకు దొరికింది. దానికి ఏడవను.” చిట్టి దండని మేస్త్రీ ముందు పెట్టింది. “కానీ ఈ పడవ మునిగితే నువ్వు తడవవు. చుక్కాని మాత్రం నీ చేతిలోనే ఉంది. పైగా ఆయన్ని అబద్ధాలకోరుని చేశావు.”

“ప్లీడరుగారూ,” అంది ఆ వెంటనే, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా, “నాకు అనుమానం వచ్చింది. మళ్ళీ వేద్దాం.”

“చిట్టీ,” అంది అత్త. “పిచ్చిదానా, మళ్ళీ వేస్తే నువ్వే...”

“తెలుసత్తా.”

మేస్త్రీ గోడ దగ్గరికి వెళ్ళి పురికొస ఉండ తెచ్చాడు. నాలుగు ముక్కలు కోశాడు. ఒక్కొక్కరి ముందూ ఒక్కొక్కటి, అంచు వెంబడి కొలిచినట్టు పెట్టాడు.

“ఈసారి తెర వద్దు బాబూ,” అన్నాడు. “అందరం బల్ల మీదే గుచ్చుదాం.”

ఒకవైపు ఇత్తడి కుప్ప. ఒకవైపు తెల్ల కుప్ప. మేస్త్రీ పదీ గుచ్చడానికి నిమిషం పట్టలేదు. అన్నీ ఇత్తడివే.

అన్నయ్య వేళ్ళకి ఆ పని చేతకాదు. పురికొస కొస విచ్చుకుపోతోంది. రెండుసార్లు జారవిడిచాడు. చివరికి మొదటి రింగు దారంలోకి దిగింది.

తెల్లది.

దాపరికం పోయాక దాచేదేముందన్నట్టు, ఆయన వరసగా గుచ్చుకుంటూ పోయాడు. తన నోటీసుకి తానే వ్యతిరేకంగా, నలభై ఐదూ.

ఇప్పుడు చిట్టి వంతు. అన్నయ్య తెల్లవే గుచ్చాడు కాబట్టి ఆమె కూడా తెల్లవి గుచ్చితే పని అయిపోతుంది. మేస్త్రీ నిందా పోయింది, బట్టీ కూడా నిలుస్తుంది. ఏ వైపూ నష్టం లేదు.

ఈ ఏడాదికి లేదు. వచ్చే ఏడాది బావమరిదికి ఇంకేదో కావాల్సి వస్తుంది. అప్పుడు ఈ హాలు ఎటు తిరగాలో ఆ నెట్ల ఫ్యాక్టరీలో నిర్ణయిస్తారు. చిరగని గొడుగే, కానీ పట్టుకునేది ఇంకొకడు. మేస్త్రీతో నిలబడితే మిగిలేది సగం గొడుగే. అయినా అది తన చేతిలో ఉంటే, ఎప్పుడు విప్పాలో తనకి తెలుస్తుంది.

ఆమె చెయ్యి తెల్ల కుప్ప దాటింది.

“అమ్మా!” అన్నాడు మేస్త్రీ.

“లెక్క తప్పిస్తారు, మాట్లాడకండి,” అంది చిట్టి, మొదటి ఇత్తడి రింగు గుచ్చుతూ.

ముప్పై. ఆమె ముడేసే సరికి హాల్లో అందరూ కూడిక చేసేశారు. తెల్లవి నలభై ఐదు. ఇత్తడివి నలభై.

ఇంక మిగిలింది పదిహేను.

అన్నయ్య తలెత్తి అత్త వైపు చూశాడు. చిట్టి కూడా చూసింది. ఒకరింట్లో ఆవిడ మంచం ఉంది. ఒకరు ఇప్పుడే బట్టీని తాకట్టు పెట్టినంత పని చేశారు. వాన పడితే ఈగ వాలని కొట్టు ఆవిడ సొంతం.

“నన్నలా చూడకండర్రా,” అంది అత్త.

ఎవరూ చూపు తిప్పుకోలేదు.

అత్త పురికొస కొసని పెదాల మధ్య తడిపి, సన్నగా మెలిపెట్టింది. కుడిచెయ్యి రెండు కుప్పల మధ్య ఖాళీ బల్ల మీద ఆనించింది. సంతకాలైతే ఎవరడిగితే వాళ్ళకి పెట్టొచ్చు. ఈసారి ఆవిడ చేతిలో ఉన్నది ఒకటే దారం.